పన్నెండు పాయింట్ల పంచాయితీ

నా వ్యాసం మా ఇంట్లో నాలుగు పేజీలు. బస్టాండు పక్కన డీటీపీ షాపులో ఆరున్నర. మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో మూడు పేజీల మీద నాలుగు లైన్లు. మూడు చోట్లా సైజు 12 పాయింట్లే. నేను ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తీయలేదు, దేవుడి మీద ఒట్టు.

పోటీ పెట్టినవాళ్ళ షరతు ఇది: యూనికోడ్‌లో, 12 పాయింట్లలో, 4 పేజీలకు మించకుండా పంపాలి. మించినవి పరిశీలించబడవు. ఆ ‘బడవు’ పది రోజులుగా నా చెవిలో జోరీగ మాదిరి తిరుగుతోంది.

“మా ఇంట్లో నాలుగే వచ్చింది కదప్పా” అని షాపు పిల్లోణ్ని నిలదీశాను.

“మీ ఇంట్లో ఫాంటు వేరు సార్, ఈడ ఫాంటు వేరు.”

“పన్నెండంటే పన్నెండే కదా?”

“పన్నెండే సార్. కానీ ఆ పన్నెండు వేరు, ఈ పన్నెండు వేరు.”

ఇదే మాట ఏ స్వాములవారో అంటే దణ్ణం పెట్టి వచ్చేయొచ్చు. పేజీకింత అని డబ్బు తీసుకునేవాడు అంటే కడుపు మండుతుంది. నేను ముప్పై ఏళ్ళు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో కొలతలు రాసినవాణ్ని. రెండడుగుల బండ అంటే బనగానపల్లెలో రెండడుగులే, లారీ ఎక్కి బెంగళూరులో దిగినా రెండడుగులే. దారిలో విరిగితే విరగొచ్చు గానీ, మూడడుగులు మాత్రం కాదు.

పిల్లోడు మంచివాడే. పని ఆపి మరీ చెప్పాడు. నాకర్థమైనంత వరకు సంగతి ఇది. పాయింటు కొలత అక్షరానిది కాదట, అక్షరం కూర్చునే సీసపు దిమ్మదట. సీసం ఎప్పుడో కరిగిపోయింది గానీ దిమ్మ మాత్రం కంప్యూటర్లో కంటికి కనపడకుండా అట్లే కూర్చుంది. అంటే మూడు సెంట్ల సైటు మాదిరి. సైటు మూడు సెంట్లయితే ఇల్లు కూడా మూడు సెంట్లుండాలని ఎక్కడా లేదు. ఒకడు గోడకు గోడ ఆనించి కడతాడు. ఇంకొకడు ముందర వేపచెట్టుకు, వెనక బర్రెకు చోటొదిలి మధ్యలో ఒక గది వేసుకుంటాడు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఇద్దరిదీ మూడు సెంట్లే. ఫాంటు గీసేవాడు ఏ రకం మేస్త్రీ అనేదాన్ని బట్టి మన వ్యాసం నాలుగు పేజీలో ఆరున్నరో అవుతుంది.

ఇంగ్లీషు అక్షరానికి పెద్ద సంసారం లేదు. మన అక్షరానికి నెత్తిన గుడి, కాళ్ళ దగ్గర వత్తు, ఆ వత్తును పట్టుకుని ఇంకో వత్తు. ‘రాష్ట్రం’ అని రాస్తే ష కింద ట, ట వెంట ర, వాకిట్లో సున్న. ఉమ్మడి కుటుంబం. ఇంతమందినీ ఆ పన్నెండు పాయింట్లలోనే సర్దాలంటే అసలు అక్షరం ఒళ్ళు తగ్గించుకోక ఏం చేస్తుంది? అందుకే పక్కన ఇంగ్లీషు 12లో పహిల్వానులా నిలబడి ఉంటే, తెలుగు అదే 12లో జొరం నుంచి లేచినవాడిలా ఉంటుంది. జానెడు ఇంట్లో మూరెడు కర్ర అన్నారు చూడండి, ఆ కర్ర పేరే వత్తు.

“లైన్ల మధ్య లెడింగు తగ్గిస్తే నాలుగు పేజీల్లోకి వస్తాది సార్” అన్నాడు. ఈ లెడింగు కూడా సీసం పేరే. వెనకటికి లైనుకూ లైనుకూ మధ్య సీసపు రేకులు పెట్టేవారు. సరే, తగ్గించమన్నా. పై లైనులోని వత్తులు దిగి కింది లైను గుడుల్ని పొడవడం మొదలుపెట్టాయి. వ్యాసం మహిళల చదువు గురించి. ‘స్త్రీ’ వచ్చిన ప్రతిచోటా కింద ఎవరో ఒకరికి గాయం.

పోనీ ఆ పాయింటన్నా నికరమైనదా అంటే, అదీ పూలామె మూర లాంటిదే. మా ఆవిడ మల్లెపూలు కొనేటప్పుడు పూలను చూడదు, అమ్మే మనిషి చేతిని చూస్తుంది. చెయ్యి పొడుగ్గా ఉంటేనే బేరం. అచ్చు లోకంలోనూ ఎవరి మూర వారిదే. ఫ్రాన్సులో 1737లో ఫూర్నియే అనే అచ్చుపనివాడు తన మూర తాను కొలుచుకున్నాడు. తర్వాత దిదో అనే ఇంటివాళ్ళు వచ్చి, అట్లా కాదు, రాజుగారి అడుగులో ఒక అంగుళాన్ని 72 భాగాలు చేద్దామన్నారు. కొన్నాళ్ళకు విప్లవం వచ్చి 1793లో రాజుగారి తల పోయింది. అడుగు మాత్రం అచ్చాఫీసుల్లో చెక్కుచెదరలేదు. అమెరికావాళ్ళ చెయ్యి ఇంకా చిన్నది. వాళ్ళ పాయింట్లు మామూలు అంగుళానికి 72 మీద చిల్లర, లెక్కగా చెప్పాలంటే 72.27. కంప్యూటర్లు వచ్చాక అడోబీవాళ్ళు ఆ చిల్లర ఎగ్గొట్టి 72కు ఖాయం చేశారు. మా బండల లెక్కల్లోనూ చిల్లర అడుగులు ఇట్లాగే పోయేవి. అవి ఎవరి జేబులోకి పోయేవో నాకు తెలుసు గానీ ఇప్పుడెందుకు.

అంగుళానికి 72 అనగానే నాకు బసవన్న గుర్తొచ్చాడు. బనగానపల్లెవాడికి అంగుళం అంటే ఇంకేం గుర్తొస్తుంది? మా ఊరి దగ్గరి యాగంటి నంది ఏటేటా పెరుగుతున్నాడని మేం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. 20 ఏళ్ళకు ఒక అంగుళం అని చెబుతారు. లెక్కలు రాసిన చెయ్యి ఊరుకోదు కదా, షాపులోనే ఒక పాంప్లెట్ వెనక వేశాను. 20 ఏళ్ళకు 72 పాయింట్లయితే ఏడాదికి 3.6. నెలకు 0.3. షాపు పిల్లోడు డీటీపీకి వాడే పేజ్‌మేకర్‌లో అక్షరాన్ని పెంచగలిగిన అతి చిన్న మెట్టు పాయింటులో పదోవంతు. అంటే మా బసవన్న సరిగ్గా పది రోజులకొక మెట్టు ఎక్కుతున్నాడు! పోటీవాళ్ళు అడిగిన 12 పాయింట్లు పెరగడానికి ఆయనకు మూడేళ్ళ నాలుగు నెలలు పడుతుంది.

“చూడప్పా, పది రోజులకు 0.1” అని కాగితం పిల్లోడి ముందర పెట్టాను. వాడు మౌస్ వదిలేసి, “అయితే నంది ఉన్న మండపం సంగతేంది సార్?” అన్నాడు. మంచి ప్రశ్న. వెనకటికి నంది చుట్టూ సుఖంగా ప్రదక్షిణం చేసేవాళ్ళమని, ఇప్పుడు స్తంభం అడ్డం వస్తోందని ముసలివాళ్ళు చెబుతుంటారు. అంటే మ్యాటరు పెరిగింది, ఫ్రేము పెరగలేదు. పేజ్‌మేకర్‌లో మ్యాటరు పెట్టె దాటితే అడుగున ఎర్ర త్రిభుజం చూపిస్తుంది. యాగంటిలో చూపించేవాడు లేడు. మాకు ముందర పెళ్ళిపత్రిక కోసం వచ్చిన ఒకాయన కాసేపు ఓపికపట్టి, “బసవన్నను తర్వాత కొలుద్దురు గానీ సామీ, ముహూర్తం దగ్గర పడింది, నా కార్డు కానీండి” అన్నాడు. ఆయన కార్డులో వధువు పేరు కింద వత్తు ఎగిరిపోయి ఉంది. ఆ పిల్ల పేరు పద్మ. కార్డులో ‘పద’ అని ఉంది. పెళ్ళికి ముందే పంపించేస్తున్నారు పాపం.

ఆ బసవన్న కలియుగాంతాన లేచి రంకె వేస్తాడని బ్రహ్మంగారు చెప్పినట్టు ప్రతీతి. ఆయన అచ్చమ్మగారి ఆవులు కాసింది మా ఊళ్ళో, కాలజ్ఞానం రాసింది మా రవ్వలకొండలో. అందుకని ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ముందే చెప్పినాడు’ అనే హక్కు మిగతా ఊళ్ళకంటే మాకు కాస్త ఎక్కువ. 2018 ఫిబ్రవరిలో ఆ హక్కు నేను గట్టిగా వాడుకున్నాను. అప్పుడు ప్రపంచమంతా ఐఫోన్లు ఒక్క తెలుగు అక్షరం తగిలి కుప్పకూలాయి. మెసేజీలో ఆ అక్షరం వస్తే చాలు, యాప్ మూర్ఛపోయేది. ఏమిటా అక్షరం? జ్ఞా. కాలజ్ఞానంలోని జ్ఞా! ఇంకా రుజువులేం కావాలి?

నిజం చెప్పాలంటే మామూలు జ్ఞా తప్పేమీ లేదు. దాని నడుమ ఒక కనపడని గుర్తు దూరినప్పుడే ఫోను పడిపోయింది. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అంటే వెడల్పు సున్న. ఫూర్నియే, దిదో, రాజుగారి అడుగు ఇంతమంది ఇన్నేళ్ళు కొలిచి కొలిచి చచ్చారా, చివరికి అంత ఖరీదైన ఫోన్లను పడగొట్టింది ఏ కొలతకూ అందని సున్న. ఆపిల్‌వాళ్ళు కొద్ది రోజుల్లోనే 11.2.6 అని మందు పంపారు. తెలుగును లోకమంతా భయంతో చూసిన ఆ నాలుగు రోజులు నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

మనకు అలవాటైన చూపు అది కాదు గదా. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ముందు ఇంగ్లీషుకు ఇల్లు కట్టి, తర్వాత మనకొక కొట్టం దించుతారు. అందులోనే సర్దుకుని సర్దుకుని మన డీటీపీవాళ్ళు ఆరితేరారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ వచ్చింది 2001లో. లోకం దాన్ని వదిలి ఎక్కడికో పోయింది. మా బస్టాండు పక్కన అది ఇంకా పెళ్ళిళ్ళు చేస్తోంది, కర్మాంతరాలు జరిపిస్తోంది. ఎందుకంటే పాత తెలుగు ఫాంట్లు అందులోనే మాట వింటాయి. ఆ ఫాంట్లది ఒక మాయ. లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరమే, పైన తెలుగు చొక్కా. చొక్కా ఉన్నంతసేపూ తెలుగే. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచామా, చొక్కా ఊడిపోయి నెత్తిన టోపీలు, కింద తోకలు పెట్టుకున్న పరదేశీ అక్షరాలు బయటపడతాయి.

ఈ సంగతి నేను మొన్న వ్యాసం గొడవలో నేర్చుకోలేదు. వ్యాసంతోపాటు ఒక సీడీ కూడా తీసుకుపోయాను, అది నేర్పింది.

మా అయివారు, అంటే మా పంతులుగారు, ఒక శతకం రాశారు. 2004లో ఎవరి దగ్గరో డీటీపీ చేయించారు. అచ్చు వేయించడానికి డబ్బు కుదరలేదు. కుదిరేనాటికి ఆయన లేరు. చేతిరాత నోటుబుక్కు కొడుకులు ఇల్లు మారేటప్పుడు పోయింది. సీడీ ఒకటి నా బీరువాలో మిగిలింది. పిల్లోడు ఎక్కడినుంచో పాత డ్రైవు తెచ్చి తగిలించి ఫైలు తెరిచాడు. టోపీలు, తోకలు. తన దగ్గరున్న పాత ఫాంట్లన్నీ ఒక్కొక్కటిగా వేసి చూశాడు. దేనికీ కుదరలేదు. “ఫాంటు పేరు తెలిస్తే కన్వర్టర్లో వేస్తా సార్. ఇది ఒట్టి టెక్స్టు ఫైలు, పేరు చెప్పదు” అన్నాడు. చేసినవాళ్ళెవరో నాకు తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ లేడు.

తెర వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఒకటి కనిపించింది. ఒక లైను పొడుగు, ఒకటి పొట్టి. మళ్ళీ పొడుగు, మళ్ళీ పొట్టి. అన్నీ ఆటవెలదులు. అయివారు వేమన మనిషి, ఇంకేం రాస్తారు? పేజీ కిందికి జరిపించాను. ప్రతి పద్యంలోనూ నాలుగో లైను అచ్చంగా ఒకటే. అవే టోపీలు, అవే తోకలు, అదే వరసలో. మకుటం. అది నాకు తెలుసు. సాయంత్రాలు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఆయన కొత్త పద్యం చదువుతుంటే, నాలుగో పాదం నేనే అందుకునేవాణ్ని. నూట ఎనిమిది పద్యాలు. మూడేసి పాదాలు మూగవి, ఒక్కొక్క పాదం మాత్రం చదవగలుగుతున్నాను.

“ఏం చేద్దాం సార్?” అన్నాడు పిల్లోడు.

“ప్రింటు తియ్యి నాయనా.”

“ఇదెట్లా? చదవను రాదు కదా సార్.” నా మొహం చూసి మళ్ళీ ఏమీ అనలేదు. ప్రింటర్లో కాగితాలు సర్దాడు. “ఎన్ని పాయింట్లలో తీయమంటారు?”

“కాస్త పెద్దగానే తియ్యి. ఆయనకు చూపు సరిగా ఆనేది కాదు.”