మూలం ఎక్కడ?

నేను మనిషిని కాను, ఒక మనిషి గురించి రాసిన వ్యాసాన్ని. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఒక విజ్ఞాన సర్వస్వంలో ఉంటాను. నా శీర్షిక కనూట్ రాక్నీ. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, సౌత్ బెండ్ దగ్గరి నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి 1918 నుంచి 1930 దాకా ఫుట్‌బాల్ కోచ్‌గా ఉన్నాడాయన. అక్కడి ఫుట్‌బాల్ మీరు కాలితో తన్నే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెడతారు, చేత్తో విసురుతారు, బంతి పట్టుకున్నవాడి మీద పడి నేలకు కూలుస్తారు. కాలేజీ జట్లు ఈ ఆట ఆడే శనివారాల్లో ఊళ్ళకు ఊళ్ళే మైదానాలకు కదులుతాయి.

పుట్టినప్పుడు నాలో మూడు వాక్యాలే ఉన్నాయి. అలాంటి పొట్టి వ్యాసాలను మావాళ్ళు మొలకలంటారు. తర్వాత అభిమానులు వచ్చారు. ఆ కాలేజీలో చదువుకున్నవాళ్ళు, నాన్న నోటా తాత నోటా ఆయన కథలు విన్నవాళ్ళు, పాత సినిమా చూసి కంటతడి పెట్టుకున్నవాళ్ళు తలా ఒక పేరా రాసి వెళ్ళారు. నేను బాగా పొడుగయ్యాను. ‘మహోన్నత’, ‘అసమాన’, ‘ఆధునిక ఫుట్‌బాల్ పితామహుడు’ లాంటి మాటలు నాలో పేరుకున్నాయి. ప్రేమతో రాసినవే అన్నీ. కానీ పరీక్ష రాయాల్సిన పిల్లవాడో, పత్రికలో వార్త రాసుకునే విలేకరో నా మీద ఆధారపడితే వాళ్ళ చేతికి ఏం దక్కేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు దిగులు.

ఒక యువకుడు నన్ను ‘మంచి వ్యాసం’ హోదాకు ప్రతిపాదించాడు. నాలో సగానికి పైగా రాసింది అతనే. సమీక్ష చేస్తానని ముందుకొచ్చింది ఒక రిటైరైన లైబ్రేరియన్. ఆవిడకు ఫుట్‌బాల్ మీద ప్రత్యేకమైన మోజేమీ లేదు. నా అదృష్టం అదే.

అందరూ నన్ను పైనుంచి కిందికి చదువుతారు. ఆవిడ కిందినుంచి మొదలుపెట్టింది. ముందు మూలాల జాబితా చూసింది, ఆ తర్వాత ఒక్కో మూలం నాలో ఏ వాక్యాన్ని మోస్తోందో చూసింది. కొన్ని మూలాలు ఏ వాక్యాన్నీ మోయడం లేదు, ఊరికే అలంకారానికి ఉన్నాయి. కొన్ని వాక్యాల కింద అసలు ఏ మూలమూ లేదు. పుస్తకం పేరు ఉండి పుట సంఖ్య లేనిచోట ఆవిడ అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఏ పుట?”

తర్వాత అంకెల దగ్గరికి వచ్చింది. నా పక్కన ఒక సమాచార పెట్టె ఉంటుంది. హడావుడిగా వచ్చేవాళ్ళు అది చూసి వెళ్ళిపోతారు కాబట్టి అందులో తప్పుంటే నాలో ఇంకెక్కడ ఒప్పున్నా లాభం లేదు. అందులో 105 గెలుపులు, 12 ఓటములు, 5 సమం, విజయశాతం 0.881 అని ఉంది. ఆవిడ కాగితం మీద వేసి చూసింది. మొత్తం ఆటలు 122. 105ను 122తో భాగిస్తే 0.861 వస్తుంది, 0.881 రాదు. తప్పనుకుని చెరిపేసేవాళ్ళు ఉంటారు, చెరిపేసినవాళ్ళు ఉన్నారు కూడా. ఆవిడ ఆగింది. సమంగా ముగిసిన ఆటను సగం గెలుపుగా లెక్కించడం ఆ ఆటలో ఆనవాయితీ. ఐదు సగాలు రెండున్నర. 107.5ను 122తో భాగిస్తే 0.881. అంకె సరైనదే, అది ఎలా వచ్చిందో చెప్పే వాక్యమే లేదు. ఆ వాక్యాన్ని పాదసూచికగా పెట్టించింది. అప్పటినుంచి ఆ అంకెను ఎవరూ ముట్టుకోలేదు.

అంతటితో వదల్లేదు. ఏడాదివారీ పట్టికలో పదమూడు వరుసలనూ కూడింది. గెలుపులు 105 సరిపోయాయి, ఓటములు 12 సరిపోయాయి, సమం మాత్రం 4 వచ్చింది. 1922 వరుసలో సమంగా ముగిసిన ఆటను ఎవరో ఎప్పుడో చెరిపేశారు. ఆ ఒక్క ‘1’ తిరిగి తన గడిలోకి చేరిన రోజు నాకు ఒంట్లో ఎముక ఒకటి సరిగ్గా కూర్చున్నట్టనిపించింది. 1918 వరుసలో ఆరే ఆటలు ఎందుకున్నాయో కూడా ఆవిడ చెప్పించింది: ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ఊళ్ళను ఊడ్చేసిన ఏడాది అది. కారణం చెప్పకపోతే కొత్త కోచ్‌కు మొదటి ఏడాది ఆటలు దొరకలేదేమో అనుకుంటాడు పాఠకుడు.

జాతీయ విజేత అన్న మాటనూ పరీక్షించింది. ఆ రోజుల్లో దేశం మొత్తానికి ఒక విజేతను తేల్చే పోటీ అంటూ లేదు. లెక్కలు కట్టేవాళ్ళు, రాసేవాళ్ళు, సంస్థలు ఎవరికి వారే ఎంపిక చేసేవారు, కొందరు ఏళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళి మరీ ఎంపిక చేశారు. రాక్నీ జట్టుకు విశ్వవిద్యాలయం చెప్పుకునే విజేత సంవత్సరాలు 1924, 1929, 1930. ఎవరు ఎంచారో చెప్పకుండా ‘జాతీయ విజేత’ అని రాయడం సగం నిజమే అవుతుంది. కాబట్టి ఎవరు ఎంచారో నాలో చేరింది.

ఇక ఫార్వర్డ్ పాస్ సంగతి. రాక్నీ ఫార్వర్డ్ పాస్‌ను కనిపెట్టాడు అని నాలో ఒక వాక్యం ఉండేది. అభిమానుల్లో చాలామంది నమ్మకం అది. జరిగింది వేరు. 1905లో ఆటలో గాయాలూ మరణాలూ పెరిగి, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టే కాలేజీల వాళ్ళను పిలిచి మాట్లాడాల్సి వచ్చింది. మరుసటి ఏడాది నిబంధనలు మార్చి, బంతిని ముందుకు విసరడానికి అనుమతించారు. ఆ 1906లోనే సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయ జట్టు, ఎడ్డీ కోకెమ్స్ శిక్షణలో, దాన్ని వాడింది. అప్పటికి రాక్నీ షికాగోలో ఉన్నాడు, ఇంకా కాలేజీ గడపే తొక్కలేదు. మరి ఆయన చేసిందేమిటి? 1913 వేసవిలో ఎరీ సరస్సు ఒడ్డున సీడార్ పాయింట్‌లో పనికి కుదిరి, తీరిక దొరికినప్పుడల్లా సహచరుడు గస్ డొరైస్‌తో కలిసి ఇసుకలో బంతి విసరడం, పరుగెత్తుతూ అందుకోవడం సాధన చేశాడు. ఆ నవంబరు 1న వెస్ట్ పాయింట్‌లో బలమైన సైనిక అకాడమీ జట్టును నోటర్ డేమ్ 35–13తో ఓడించింది. అప్పటి కోచ్ జెస్సీ హార్పర్, రాక్నీ జట్టు నాయకుడు. అమెరికా తూర్పు ప్రాంతపు పత్రికలు ఆ విసురుడు ఆటను దేశమంతా చాటాయి.

‘కనిపెట్టాడు’ తీసేయాలని ఆవిడ అన్నప్పుడు యువకుడు నొచ్చుకున్నాడు. చిన్నప్పటినుంచి ఇంట్లో విన్న కథ అది. రెండు రోజులు జవాబు లేదు. ఆవిడ తొందరపెట్టలేదు. తర్వాత అతనే లైబ్రరీకి వెళ్ళి 1906 నాటి నిబంధనల చరిత్ర వెతికి, పేరా మొత్తం తిరగరాశాడు. వేసవి ఇసుక, హార్పర్ శిక్షణ, సైనిక జట్టు బలం అన్నీ అందులోకి వచ్చాయి. ‘కనిపెట్టాడు’ అన్న ఒక్క ముక్కలో ఇవేవీ పట్టలేదు. కుర్రవాళ్ళిద్దరు ఎండలో పడ్డ కష్టం ఆ పొగడ్త కింద కప్పబడిపోయి ఉండేది.

అన్నింటికంటే కష్టమైంది జార్జ్ గిప్ కథ. గిప్ నోటర్ డేమ్ ఆటగాడు, 1920 డిసెంబరు 14న జబ్బుతో చనిపోయాడు, వయసు పాతికే. 1928 నవంబరు 10న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో సైనిక జట్టుతో ఆట ఉంది. ఆ ఏడాది రాక్నీ జట్టు తడబడుతోంది. ఆయన కోచింగ్ జీవితంలో అంత బలహీనమైన ఏడాది మరొకటి లేదు, చివరికి 5 గెలుపులు, 4 ఓటములతో ముగిసింది. ఆ రోజు దుస్తుల గదిలో ఆటగాళ్ళను కూర్చోబెట్టి, చావుబతుకుల్లో ఉన్న గిప్ తనను ఒక కోరిక కోరాడని చెప్పాడు: జట్టుకు ఎప్పుడైనా గడ్డుకాలం వస్తే తనకోసం ఒక ఆట గెలవమనండి అని. జట్టు 12–6తో గెలిచింది.

నాలో ఇది జరిగింది జరిగినట్టుగా ఉండేది, ఆస్పత్రి మంచం దగ్గరి సంభాషణతో సహా. ఆవిడ అడిగింది: ఆ మంచం దగ్గర ఎవరున్నారు? ఈ కోరికకు రాక్నీ మాట తప్ప ఇంకో సాక్ష్యం ఉందా? చెప్పింది ఎనిమిదేళ్ళ తర్వాత. గదిలో ఉన్నవాళ్ళ జ్ఞాపకాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. ఆటకు ముందు చెప్పాడని కొందరు, విరామంలో అని కొందరు. రాక్నీ పేరుతో ఆ కథ 1930లో కోలియర్స్ పత్రికలో వచ్చింది, కానీ ఆ వ్యాసాలు రాయడంలో జాన్ బి. కెనడీ అనే రచయిత చేయి ఉంది. 1940లో సినిమా వచ్చింది. రాక్నీగా పాట్ ఓబ్రయన్, గిప్‌గా రోనాల్డ్ రీగన్ నటించారు. ఆ తర్వాత జనం గుర్తుపెట్టుకున్నది సినిమానే. నాలో ఉన్న సంభాషణ దాదాపు సినిమాదే.

కొందరు ఆ పేరా మొత్తం తీసేయమన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు, ఆవిడ తీర్పు సరైనదని నా నమ్మకం. దుస్తుల గదిలో రాక్నీ మాట్లాడాడు అన్నది నిజం, జట్టు గెలిచింది అన్నది నిజం, ఆ కథ దేశాన్ని కదిలించింది అన్నది నిజం. మంచం పక్కన జరిగినదానికి ఆధారం ఆయన మాటే. అందుకే ఆ చోట ‘రాక్నీ చెప్పినదాని ప్రకారం’ అన్న మూడు మాటలు చేరాయి. సంభాషణ వెళ్ళిపోయింది. సినిమాకు వేరే ఉపశీర్షిక వచ్చింది.

నాలో అసలే లేనివీ ఆవిడ కంటపడ్డాయి. 1926లో తొమ్మిది గెలుపులు, ఒక్క ఓటమి అని పట్టిక చెబుతోంది. ఆ ఒక్కటి ఏమిటో ఎవరూ రాయలేదు. నవంబరు 27న జట్టు పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ టెక్‌తో ఆడింది, రాక్నీ జట్టుతో వెళ్ళలేదు. షికాగోలో సైనిక, నౌకాదళ అకాడమీల ఆట చూడటానికి వెళ్ళాడు. సహాయకుడి చేతిలో ఉన్న జట్టు 19–0తో ఓడిపోయింది. అభిమానులకు రుచించని విషయం, అందుకే ఎవరూ చేర్చలేదు. అది చేరాకే 1929 గురించి రాసింది నమ్మదగ్గదిగా కనిపించింది. ఆ ఏడాది సొంత స్టేడియం కడుతుండడంతో ఆటలన్నీ పరాయి ఊళ్ళలోనే ఆడారు. కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి రాక్నీ కొన్ని ఆటలకు వెళ్ళలేకపోయాడు, వెళ్ళినచోట కుర్చీలోనే ఉన్నాడు. జట్టు తొమ్మిదికి తొమ్మిది గెలిచింది.

మనిషి కూడా నాలో సరిగ్గా లేడు. నార్వేలోని వోస్‌లో 1888 మార్చి 4న పుట్టాడనీ, ఐదేళ్ళప్పుడు షికాగో చేరాడనీ ఉంది. పోస్టాఫీసులో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, డబ్బు కూడబెట్టుకుని, 22 ఏళ్ళకు కాలేజీలో చేరాడన్నది లేదు. చదువయ్యాక రసాయన శాస్త్రం ల్యాబులో జూలియస్ న్యూలండ్ దగ్గర పనిచేశాడన్నదీ లేదు. కృత్రిమ రబ్బరు నియోప్రీన్‌కు దారితీసిన పరిశోధన చేసిన న్యూలండ్ ఆయనే. ఆ పేరా ఇప్పుడు నాలో నాకు అన్నింటికంటే ఇష్టమైనది.

1931 మార్చి 31న కాన్సస్‌లోని బజార్ అనే పల్లె దగ్గర విమానం కూలి రాక్నీ, మరో ఏడుగురు చనిపోయారు. ఆయన వయసు 43. నాలో ఇదివరకు అంత్యక్రియల వర్ణనే పేజీన్నర ఉండేది. ఆవిడ దాన్ని కుదించి, విమానం ఎందుకు కూలిందో రాయించింది. ఫోకర్ ఎఫ్-10 రెక్క లోపలి నిర్మాణం చెక్కతో చేసింది. చెమ్మ పట్టి జిగురు వదిలి రెక్క విరిగింది. దేశమంతా ప్రేమించిన మనిషి అందులో ఉండడంతో విచారణ మీద ఒత్తిడి పెరిగింది, ఆ రకం విమానాలను కొంతకాలం నేలకు దించేశారు, లోహ విమానాల వైపు కంపెనీలు వేగంగా కదిలాయి.

నేను ‘మంచి వ్యాసం’ అయ్యాను. మునుపటికంటే పొట్టిగా ఉన్నాను. ‘మహోన్నత’ ఎక్కడా లేదు, అయినా నన్ను చదివినవాళ్ళు రాక్నీని ఇంతకుముందుకన్నా ఎక్కువ గౌరవిస్తారని నమ్ముతాను.

తెలుగు పాఠకులకు ఒక విన్నపం. మీ హైదరాబాద్‌లోనూ, మీరు కాలితో తన్నే ఫుట్‌బాల్‌కు, ఒక కోచ్ ఉండేవాడు: సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో ఆయన మీద ‘మైదాన్’ సినిమా వచ్చింది. ఆయన గురించి తెలుగులో రాయబోయేవాళ్ళు సినిమా దగ్గర మొదలుపెట్టకండి. ఆనాటి పత్రికలు తీయండి, ఆయన దగ్గర ఆడినవాళ్ళు మిగిలి ఉంటే వెళ్ళి అడగండి, ఒక్కో వాక్యం కింద ఒక్కో మూలం పెట్టండి. 1950ల నాటి పత్రికల కాగితం పొడిపొడిగా రాలిపోతోంది. ఈ ఏడాదే మొదలుపెట్టండి.