దిక్కులు తెలిసిన మామయ్య

ప్రతి కుటుంబంలోనూ దిక్కుల శాఖ ఒకటుంటుంది. మా ఇంట్లో దాన్ని చూసేది మామయ్య. బీరువా ఏ గోడకు ఆనాలి, పొయ్యి ఎటు చూడాలి, పడుకుంటే తల ఎటుండాలి, అన్నింటికీ ఆయన సంతకం పడాల్సిందే. రెవెన్యూ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు గానీ ఈ శాఖలో రిటైర్మెంటు లేదు. ఏంటెన్నాల కాలంలో మేడెక్కి "వచ్చిందా?" అని అరిచింది ఆయనే. డీటీహెచ్ కుర్రాడు బిగించి వెళ్లిన డిష్షును, బాగానే పనిచేస్తున్నదాన్ని, ఇంకాస్త సరిచేసిందీ ఆయనే. ఆ పూట సీరియల్ పోయి అత్తయ్య వారం రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడాయన టెక్సాస్‌లో కూతురింట్లో ఉన్నాడు. అల్లుడు ఆస్టిన్ ఊరవతల, డ్రిప్పింగ్ స్ప్రింగ్స్ దాటాక, రెండెకరాల్లో ఇల్లు కొన్నాడు. అక్కడికి జింకలు వస్తాయి, ఫైబర్ రాదు. అందుకని ఏప్రిల్లో ఉపగ్రహ ఇంటర్నెట్ కోసం స్టార్‌లింక్ పెట్టె తెప్పించాడు. విప్పగానే మామయ్య పెదవి విరిచాడు.

"ఇది డిష్షా బాబూ? పలకలా ఉందే!"

అయినా స్థలం మాత్రం క్షణంలో తేల్చేశాడు. ఈశాన్యంలో బరువు పెట్టకూడదు, నైరుతి ఎత్తుగా ఉండాలి. కాబట్టి నైరుతి మూల, ముఖం దక్షిణానికి. ఈ దక్షిణం మాటలో సైన్సు లేకపోలేదు. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ మనకు కదలనట్టు కనిపిస్తాయి. మా తెనాలి డాబాల మీది డిష్షులన్నీ అందుకే దక్షిణానికి తలెత్తి ఉంటాయి. మామయ్య మటుకు అవన్నీ తన మాట విన్నాయనే అనుకుంటాడు.

"దీన్ని ఉత్తరానికి పెట్టమంటోంది మామయ్యగారూ, యాప్" అన్నాడు అల్లుడు.

మామయ్య కుర్చీ తెప్పించుకున్నాడు. వాదన మొదలైతే ఆయన నిలబడడు.

అల్లుడు ఓపిగ్గా చెప్పాడు. ఇవి దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరిగే ఉపగ్రహాలు, వేలల్లో ఉన్నాయి. ఒక్కోటి మన నెత్తిమీది ఆకాశాన్ని కొద్ది నిమిషాల్లో దాటిపోతుంది. పలక కదలదు, కదలకుండానే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని అందుకుంటుంది. టెక్సాస్ నుంచి చూస్తే అవి ఉత్తరాన ఒత్తుగా ఉంటాయి. పలకకు 110 డిగ్రీల మేర ఆకాశం ఖాళీగా కనపడాలి. టీవీ డిష్షుకు కొమ్మల మధ్య ఒక్క సందు దొరికినా చాలు. దీనికి అలా కుదరదు. ఉపగ్రహం కొమ్మచాటుకు వెళ్లినప్పుడల్లా ఫోన్లో మాట తెగుతుంది.

"నైరుతిలో పెద్ద ఓక్ చెట్టుంది మరి."

"కొట్టించెయ్."

"ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇక్కడ ఓక్ కొమ్మ నరకొద్దంటారండీ. కోసిన చోట పురుగు వాలి ఓక్ విల్ట్ అనే తెగులు అంటిస్తుందట."

అమెరికాలో చెట్లకు కూడా మూఢం ఉందని తెలిసి మామయ్య మొదటిసారి ఆ దేశాన్ని గౌరవించాడు.

ఇంటికప్పు మీద పెడదామంటే అది వాలు కప్పు. షింగిల్స్‌కి బెజ్జం కొడితే వాన కారుతుందని అల్లుడి భయం. "డాబా లేని ఇల్లెందుకు కొన్నావు బాబూ?" అన్నాడు మామయ్య. దీనికి యాప్‌లో జవాబు దొరకలేదు. ఇంటి ముందు వద్దంది అమ్మాయి, ఫోటోల్లో పడుతుందని. తులసికోట పక్కన వద్దంది అత్తయ్య, కారణం చెప్పలేదు. కాలనీ సంఘంవాళ్లు ఏమంటారో అని అల్లుడు గొణిగేసరికి మామయ్య కళ్లు మెరిశాయి. రూలు అనేది ఉండకుండా ఉండదు. మనవడి చేత వెతికించాడు. ఉంది! అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ ఎఫ్‌సీసీ 1996లో తెచ్చిన నియమం. సొంత ఆవరణలో మీటరు లోపు డిష్షు పెట్టుకుంటే, భద్రత లాంటి కారణాలుంటే తప్ప, సంఘం కాదనడానికి వీల్లేదు. ప్రింటు తీయించి, కీలక వాక్యాల కింద ఎర్రగీతలు గీసి, ఫైలులో పెట్టుకుని రెండు రోజులు గేటు దగ్గర తిరిగాడు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం ఆయనకు తీరని లోటు.

చివరికి మనవడు, అడ్డొచ్చేవాటిని ఎర్రగా చూపే ఆ యాప్ తెరిచి, ఫోను ఆకాశానికెత్తి పెరడంతా తిరిగాడు. ఒక చోట ఆగి, "ఇక్కడ ఎర్రమచ్చ లేదు తాతయ్యా" అన్నాడు. అది ఈశాన్యం.

ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. మామయ్య పలకను రెండు చేతులతో ఎత్తి తూచాడు.

"ఎంతుంటుంది?"

"మూడు కిలోలు."

"మూడు కిలోలు బరువెలా అవుతుంది? బరువంటే వాటర్ ట్యాంకు. పైగా ఉత్తరం కుబేరుడిది. ముఖం అటు పెట్టమని నేను మొదటినుంచీ అనుకుంటూనే ఉన్నాను."

పెట్టెలో వచ్చిన 15 మీటర్ల కేబులు సరిగ్గా సరిపోయింది. అదీ తన లెక్కేనన్నాడు.

సాయంత్రం తెనాలి నుంచి బావమరిది వీడియోలోకి వచ్చాడు. బొమ్మ ఒకసారి నిలిచిపోతే, "కంగారుపడకు, ఉపగ్రహం మారుతోంది" అని మామయ్య ధైర్యం చెప్పాడు. ఎవరో రౌటర్ ప్లగ్గు తన్నారని అత్తయ్య అనబోతే చెయ్యి ఊపి ఆపాడు.

"మన దేశంలోనూ దీనికి లైసెన్సు 2025 జూన్‌లోనే ఇచ్చారట బావా. మన డాబా మీద ఎక్కడ పెట్టిద్దాం?"

మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"తొందరపడకు. ఎవడో కుర్రాడొచ్చి బిగించేస్తానంటాడు, మేడమెట్లకు తాళం వేసి ఉంచు. అక్టోబర్లో నేనొస్తున్నాను."