నాలుగు వేళ్ల ఎడం

నన్ను వెల్డింగ్ చేసిన మేస్త్రి కోళ్లగూటికనుకున్నాడు. మూడడుగుల ఎత్తు, అంగుళం కన్ను ఉన్న ఇనుప జాలీని నేను. విజయవాడ ఆటోనగర్ నుంచి పటమటలో ఓ మూడో అంతస్తు ఇంటికి నన్ను చేర్చేసరికి హాలంతా బొచ్చే. తెల్లది, గోధుమరంగుది, అక్కడక్కడా నల్లది. అమ్మమ్మ ఊడుస్తూ, "నోరులేని జీవాలు ఇట్లా కొట్టుకుంటాయని ఎవరనుకున్నారే!" అంటోంది. మనవరాలు చేతికి కట్టుతో కూర్చుని ఉంది.

ఆ ఇంట్లో మల్లి, బెల్లం అనే కుందేళ్లు మూడేళ్లుగా జంట. ఇద్దరికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయ్యాయి. ఓ వానరాత్రి గేటు దగ్గర ఎవరో అట్టపెట్టెలో నల్ల మగకుందేలును వదిలిపోయారు. అమ్మాయి వాడికి గింజ అని పేరు పెట్టి, తోడు దొరికిందన్న సంతోషంతో నేరుగా హాలులో దింపింది. కుందేళ్లు బొరియల్లో గుంపుగా బతికే జాతే. కానీ ఏ గుంపుకైనా సొంత చోటు, సొంత వాసన, పెద్దాచిన్నా వరస ఉంటాయి. మల్లి గడ్డం రుద్ది వాసన అంటించని కుర్చీకాలు ఆ ఇంట్లో లేదు. దాని కంటికి గింజ చుట్టం కాదు, ఇల్లు ఆక్రమించడానికి వచ్చినవాడు. సుడిగాలిలా తిరుగుతూ కరుచుకుంటున్న ఆ ఇద్దరి మధ్య అమ్మాయి వట్టి చెయ్యి పెట్టింది. మందపాటి తువ్వాలు వేసి విడదీయాలని ఆ తర్వాతే తెలిసింది.

మొదట హాలుకు అడ్డంగా నన్నొక్కదాన్నే నిలబెట్టారు. మూడో రోజు గింజ వాసన చూద్దామని ముక్కును నా కన్నుకు ఆనించాడు. అవతల మల్లి ఉంది. క్షణంలో గింజ ముక్కు చివర చీలి, నా తీగ మీద నెత్తురు పడింది. అమ్మమ్మ తడిగుడ్డతో తుడిచింది గానీ, కాపాడాల్సిన నా దగ్గరే అది జరిగిందన్న బాధ నాకు పోలేదు. మర్నాడే నాకు జోడుగా ఇంకో జాలీ వచ్చింది. మా ఇద్దరి మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచారు. ఇక ముక్కులు కలవవు, వాసనా చూపూ కలుస్తాయి.

గింజకూ ఆపరేషన్ చేయించారు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ముందురోజు పస్తు పెట్టొద్దని డాక్టరు చెబితే అమ్మమ్మ ఆశ్చర్యపోయింది. ఆపరేషన్ అయినంత మాత్రాన ఉద్రేకం ఆ రోజే చల్లారదు, వారాలు పడుతుంది. ఆరు వారాలు ఆగారు. నా బతుకులో గొప్ప రోజులవే. అమ్మమ్మ పొద్దున్నే గింజ పడుకున్న గుడ్డ మల్లి వైపు, మల్లి తొక్కిన గడ్డి గింజ వైపు వేసేది. తర్వాత తర్వాత రోజు మార్చి రోజు కుందేళ్లనే అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చేది. రైతుబజారు నుంచి తెచ్చిన కొత్తిమీరను మొదట మాకు బారెడు దూరంలో, తర్వాత జానెడు దూరంలో, చివరికి మా కాళ్ల దగ్గరే పెట్టేది. మొదట్లో మల్లి చెవులు వెనక్కి వాల్చి, తోకెత్తి, వెనక కాలితో నేల అదిరేలా కొట్టేది. ఓ మధ్యాహ్నం గింజ నాకు వీపు ఆనించి పడుకున్నాడు. కాసేపటికి అవతలి జాలీకి మల్లి వీపు ఆనించింది. వేటాడే జంతువులకు ఆహారమైపోయే ప్రాణి ఇంకొకరికి వీపు చూపి నిద్రపోవడం చిన్న విషయం కాదు.

అప్పుడు మమ్మల్ని ఖాళీగా ఉన్న పక్కింటి హాలుకు తీసుకెళ్లారు. అక్కడ ఎవరి వాసనా లేదు. టైల్స్ మీద కాళ్లు జారకుండా చాప పరిచి, గోడ మూలకు మమ్మల్ని కంచెలా నిలబెట్టారు. మొదట మల్లి, గింజ. రోజుకు పదిహేను నిమిషాలు, గొడవ మొదలుకాకముందే ముగించాలి. మల్లి వాడి మీదికి ఎక్కితే, "ఆపరేషన్ అయిందన్నావు, ఇదేంటే?" అంది అమ్మమ్మ.

"పెద్దరికం చూపిస్తోంది అమ్మమ్మా. తలవైపు ఎక్కితేనే దించాలి, కిందివాడు కరుస్తాడు."

ముగ్గురినీ బుట్టలో వేసి ఆటోలో తిప్పితే భయానికి ఒకటవుతారని మేనమామ సలహా ఇచ్చాడు. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆమె చేసిందే సరైన పని. భయంతో ఒకరినొకరు అతుక్కుంటే అది స్నేహమెట్లా అవుతుంది?

పంతొమ్మిదో రోజు మల్లి గింజ ముందు తల నేలకు ఆనించింది. చూసేవాళ్లకు లొంగిపోయినట్టుంటుంది గానీ అది నుదురు నాకమని ఆజ్ఞ. గింజ నాకాడు. అమ్మాయి ఏడ్చింది. బెల్లానికి మాత్రం ఇంకో పదకొండు రోజులు పట్టింది. వాడు తగవులాడలేదు, దూరంగా కూర్చునేవాడు, అంతే. మల్లితో కలిసినంత మాత్రాన గింజ బెల్లంతో కలిసినట్టు కాదు. ముగ్గురున్నచోట మూడు జతలూ కుదరాలి.

ఇంటికి తెచ్చేముందు వెనిగర్ నీళ్లతో నేల కడిగి, కుర్చీలు జరిపారు. గడ్డి రెండుచోట్ల, నీళ్లు రెండుచోట్ల పెట్టారు. దాక్కునే అట్టపెట్టెలకు రెండేసి దారులు కోశారు, ఎవరూ మూలన చిక్కుకోకుండా. మొదటి రెండు రాత్రులు అమ్మమ్మ, మనవరాలు హాలులోనే పడుకున్నారు.

ఇప్పుడు మేమిద్దరం బాల్కనీలో ఉన్నాం. పోయిన నెల బెల్లం పళ్లు చూపించడానికి వెళ్లినప్పుడు ముగ్గురినీ ఒకే బుట్టలో తీసుకెళ్లారు. ఒక్కడే ఆసుపత్రి వాసనతో తిరిగొస్తే మిగిలినవాళ్లు పరాయివాడనుకునే ప్రమాదముంది. మమ్మల్ని పాత ఇనుముకు వేద్దామని ఎవరో అంటే అమ్మమ్మ వద్దంది. ఏనాడైనా మళ్లీ తగవు వస్తే మా అవసరం పడుతుంది.

మీ ఇంటికి కొత్త కుందేలు వస్తే, దాన్ని నేల మీద దింపకముందే నాలాంటి జాలీలు చేయించండి. ఒక్కటి చాలదు, రెండు చేయించండి.