ఆత్మ విచారణ

2023 అక్టోబర్ 7 హమాస్ దాడి మీద విచారణకు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు కేబినెట్ 2025 నవంబర్‌లో ఎట్టకేలకు ఊ అంది. ఏం విచారించాలో, ఎక్కడిదాకా విచారించాలో మంత్రుల కమిటీ తేలుస్తుందంది. స్వతంత్ర విచారణే సుమా, ఎవరూ అనుమానపడనక్కర్లేదు. 1968 నుంచి ఆ దేశంలో ఒక చట్టం ఉంది. దాని కింద స్టేట్ కమిషన్ వేస్తే సభ్యులను సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎంపిక చేస్తారు. అలా అయితే పక్షపాతం జరుగుతుందని ప్రధాని బెంగ. చనిపోయినవాళ్ల పక్షం వహిస్తారేమోనని కాబోలు! అరుణాచలంలో రమణులు ‘నేనెవరు’ అని అడుగుతూ పొమ్మన్నారు. జెరూసలేంలో ఆ సాధనను ‘నేను కాదు’ అన్న జవాబు దగ్గరే మొదలుపెడుతున్నారు. అక్టోబర్ 7న దాదాపు 1,200 మందిని చంపారు. అందులో 800 మందికి పైగా మామూలు పౌరులు. వాళ్ల కుటుంబాలు మండిపడుతున్నాయంటే పడవూ మరి? అయితే ఈ విచారణల యంత్రం నిన్నమొన్న కొన్నది కాదు. ఇన్నేళ్లూ పాలస్తీనా శవాల మీద నడిచి నడిచి బాగా పదునెక్కింది. ఇప్పుడు సొంత శవాల దాకా వచ్చింది, అంతే తేడా.

అది పనిచేసే తీరు చూడాలంటే గాజాలోని రఫా అంబులెన్సుల కేసు ఒక్కటి చాలు. 2025 మార్చి 23 తెల్లవారకముందే తల్ అల్-సుల్తాన్ దగ్గర ఇజ్రాయెల్ సైనికులు 15 మందిని కాల్చి చంపారు. ఎనిమిది మంది రెడ్ క్రెసెంట్ వాళ్లు, ఆరుగురు సివిల్ డిఫెన్స్ సిబ్బంది, ఒకరు ఐక్యరాజ్యసమితి ఉద్యోగి. దెబ్బతిన్నవాళ్లను తేవడానికి వెళ్లి కనబడకుండా పోయిన తోటివాళ్లను వెతుక్కుంటూ బయల్దేరిన బృందం అది. బండ్లను నుజ్జునుజ్జు చేసి ఇసుకలో పూడ్చారు, మనుషులనూ అక్కడే పూడ్చారు. వారం తర్వాత తవ్వి తీస్తే, పోయినవాళ్ల ఒంటి మీద యూనిఫారాలు ఇంకా ఉన్నాయి. సైన్యం చెప్పిన మొదటి మాట: ఆ బండ్లు హెడ్‌లైట్లు లేకుండా, ఎమర్జెన్సీ లైట్లు లేకుండా అనుమానాస్పదంగా వచ్చాయి. చీకట్లో దీపాల్లేని బండి మీదికొస్తే సైనికుడు మాత్రం ఏం చేస్తాడు, పాపం.

అయితే ఇసుకలోంచి తీసిన శవాల్లో ఒకదాని దగ్గర సెల్‌ఫోన్ దొరికింది. అందులో వీడియో ఉంది. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. నెత్తి మీద ఎర్రలైట్లు గిరగిరా తిరుగుతున్నాయి. బండ్ల మీద గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. తూటాల మోతలో వీడియో తీస్తున్న కుర్రాడు కలిమా చదువుతూ, జనానికి సాయపడే ఈ దారి ఎంచుకున్నందుకు క్షమించమని అమ్మను అడుగుతున్నాడు. సరే, లైట్లున్నాయని సైన్యం ఒప్పుకుంది. ఒప్పుకున్నాక చేయాల్సింది మరో విచారణే కదా, అదీ చేసింది. రాత్రిపూట చూపే డ్రోన్లలో, కళ్లద్దాల్లో మెరిసే లైట్లు సరిగా ఆనవట. కోట్లు పోసి కొన్న పరికరం చీకట్లో మనిషి ఒంటి వేడి పసిగడుతుందని ప్రచారం, తీరా ఎదురుగా తిరిగే ఎర్రలైటు మాత్రం దానికి కనబడదు. అంటే లైటు వేసుకున్నా లాభం లేదు, వేసుకోకపోతే అనుమానాస్పదం. గాజాలో అంబులెన్స్ నడిపేవాడు మరి ఎలా నడపాలో ఆ నివేదికలో ఒక పేరా రాసి ఉండాల్సింది.

శవాలను పూడ్చిన సంగతికీ జవాబుంది: పాడవకుండా కప్పిపెట్టారట. బండ్లను నుజ్జు చేయడం మాత్రం తప్పేనన్నారు, అంతవరకు నిజాయితీ. చనిపోయినవాళ్లలో ఆరుగురు హమాస్ వాళ్లన్నారు. రుజువేదంటే లేదు. చివరికి ‘వృత్తిపరమైన లోపాలు’ తేలాయి. అక్కడ బాధ్యుడైనందుకూ, నివేదిక అరకొరగా, తప్పుగా ఇచ్చినందుకూ ఒక డిప్యూటీ కమాండర్‌ను పదవి నుంచి తప్పించారు. బ్రిగేడ్ కమాండర్‌కు మందలింపు. 15 ప్రాణాలకు ఒక ఉద్వాసన, ఒక చీవాట్ల కాగితం. మన తాలూకా ఆఫీసులో రికార్డు బుక్కు పోయినా ఇంతకన్నా గట్టి మెమో వస్తుంది. ఇందులో అసలు విషయం శిక్ష చాలకపోవడం కూడా కాదు. ఆ ఫోన్ ఇసుకలోనే ఉండిపోయి ఉంటే, మొదటి అబద్ధమే ఇవాళ్టికీ అధికారిక సత్యంగా చలామణీ అయ్యేది. విచారణ ఆ అబద్ధాన్ని పట్టుకోలేదు. చనిపోయిన మనిషి పట్టుకున్నాడు.

ఇదొక్కటే అయితే పొరపాటు అనుకోవచ్చు. 1956 అక్టోబర్ 29న ఇజ్రాయెల్‌లోని అరబ్ గ్రామం కఫర్ ఖాసింలో కర్ఫ్యూ వేళ ముందుకు జరిపిన సంగతి తెలియక పొలాల నుంచి ఇళ్లకు వస్తున్న జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు, దాదాపు 50 మందిని. పై అధికారికి కోర్టు వేసిన జరిమానా పది ప్రూటాలు, అంటే ఆ దేశపు పైసలు. 2025 ఆగస్టులో గాజాలోని నాసర్ ఆస్పత్రి మెట్ల మీద పడ్డ గుండ్లకు నెతన్యాహు చెప్పింది ‘విషాదకరమైన పొరపాటు’ అని. మర్నాడు సైన్యం అక్కడ హమాస్ కెమెరా ఉందంది. ఆ కెమెరా రాయిటర్స్‌ది. దాన్ని నడుపుతున్న వీడియోగ్రాఫర్ మొదటి దెబ్బకే పోయాడు. ఆదుకోవడానికి పరుగెత్తిన వాళ్ల మీద కొద్ది నిమిషాల్లో మళ్లీ కొట్టారు. కనీసం 20 మంది చనిపోయారు, అందులో ఐదుగురు విలేకరులు. మొదటి దెబ్బ కెమెరా కోసమైతే రెండోది దేనికోసం? ఇజ్రాయెల్‌లోనే ఉన్న బెత్‌సెలెమ్ అనే మానవ హక్కుల సంస్థ 2000 నుంచి 739 కేసుల్లో విచారణ చేయమని సైన్యాన్ని అడిగింది. నేరారోపణ దాకా వెళ్లినవి 25. ఇక చాలని 2016లో ఫిర్యాదులు పంపడమే మానేసింది. ఫిర్యాదు చేస్తే ఈ నాటకానికి మేమే టిక్కెట్టు కొన్నట్టవుతుందని దాని బాధ.

వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. వాళ్లు విచారణైనా చేస్తున్నారు కదా, హమాస్ అదీ లేదు కదా అని. అయ్యో, ఎందుకు లేదు! 2024 జనవరిలో హమాస్ కూడా తన వైపు కథ రాసి విడుదల చేసింది. పౌరుల జోలికి వెళ్లకూడదన్నది తమ ధర్మమట. కంచె కూలి, భద్రత చెల్లాచెదురై, ఆ గందరగోళంలో ‘బహుశా కొన్ని లోపాలు’ జరిగి ఉండొచ్చట. నోవా సంగీత ఉత్సవంలో డ్యాన్స్ చేస్తున్న కుర్రకారును 360 మందికి పైగా వేటాడి చంపడం, బెయేరీ కిబ్బుట్జ్‌లో ఇల్లిల్లూ దూరి ముసలివాళ్లను, తల్లులను కాల్చడం ఒక లోపం. ఇది అబద్ధం, నీచమైన అబద్ధం. తన హత్యలకు తానే తీర్పరిగా కూర్చుని, హతులు అడ్డొచ్చారని రాసుకునే పద్ధతి ఇద్దరిదీ ఒకటే. ఒకరికి సైనిక న్యాయవాదులున్నారు, ఇంకొకరికి ప్రచార విభాగం ఉంది. ఒకరి నేరం ఇంకొకరికి రసీదు కాదు. అక్టోబర్ 7 హతులను చూపించి గాజాలో 70 వేలు దాటిన చావులను సమర్థించేవాళ్లు ఆ హతులను రెండోసారి వాడుకుంటున్నారు.

ఇంకొందరు చదువుకున్నవాళ్లు కహాన్ కమిషన్ పేరెత్తుతారు. నిజమే. 1982లో బీరూట్‌లోని సబ్రా, షటీలా శరణార్థి శిబిరాల్లో లెబనాన్ క్రైస్తవ మిలీషియా ఫలాంజిస్టులు జనాన్ని ఊచకోత కోశారు, చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం కాపలా ఉంది. జనం వీధుల్లోకొచ్చాక కమిషన్ వేశారు, అప్పటి రక్షణ మంత్రి ఏరియల్ షరోన్‌కు వ్యక్తిగత బాధ్యత ఉందని 1983లో తేల్చింది. గొప్ప విషయమే. షరోన్ రక్షణ శాఖ వదిలాడు, కేబినెట్‌లో మాత్రం అలాగే కూర్చున్నాడు, 2001లో ప్రధాని అయ్యాడు. అంత మంచి కమిషన్ ఫలితమే అదైతే, మంత్రులే పరిధి గీసే కమిషన్ సంగతి చెప్పనక్కర్లేదు. మరి ఫలితం లేని పని ఇంత శ్రద్ధగా ఎందుకు చేస్తారు? అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నిబంధన ఒకటుంది: దేశం తానే నిజాయితీగా విచారిస్తుంటే బయటి కోర్టు వేలు పెట్టకూడదు. అందుకే ఫైలు తెరవాలి, తెరిచే ఉంచాలి. 2024 నవంబర్‌లో ఆ కోర్టు నెతన్యాహుకు, మాజీ రక్షణ మంత్రి గల్లంట్‌కు, హమాస్ సైనిక నేత దైఫ్‌కు వారెంట్లు ఇస్తే, ఇజ్రాయెల్ చెప్పే అభ్యంతరాల్లో ఒకటి ‘మా దగ్గర స్వతంత్ర న్యాయవ్యవస్థ ఉంది’ అని. ఇప్పుడు కమిషన్‌కు సభ్యులను ఎంపిక చేయనివ్వనిది ఆ న్యాయవ్యవస్థనే.

ఇదంతా మనకెందుకంటారా? హెర్మెస్ 900 డ్రోన్ల కోసం అదానీ, ఎల్బిట్ కలిసి 2018లో ఫ్యాక్టరీ తెరిచింది హైదరాబాద్‌లోనే. 2025 జూన్‌లో గాజాలో కాల్పుల విరమణ కోరుతూ ఐక్యరాజ్యసమితిలో తీర్మానం వస్తే 149 దేశాలు అవునన్నాయి, మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉంది.

ఇజ్రాయెల్‌కు దాచేది ఏమీ లేదంటే ఒక తేలిక పరీక్ష ఉంది. అక్టోబర్ 7 తర్వాత రెండేళ్లు దాటినా విదేశీ విలేకరులను సైన్యం తోడు లేకుండా గాజాలోకి పోనివ్వలేదు. రానివ్వండి, చూడనివ్వండి, తప్పుంటే అవతలివాళ్లదే బయటపడుతుంది కదా. విదేశీ విలేకరుల సంఘం ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులో ఇదే అడిగింది. సమాధానం చెప్పడానికి 2025లో ప్రభుత్వం పదేపదే ఇంకొంచెం గడువు అడిగింది, కోర్టు ఇచ్చింది.