మోరీలో పోసిన ఆయిల్

కారు గేర్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చని ఇప్పటికీ నమ్ముతాను. కాస్త ఓపిక, సరైన పానాలు, కారును మోసే స్టాండ్లు ఉంటే చాలు. నేను చేసిన తెలివితక్కువ పని ఆ తర్వాతిది. దాన్ని ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా చెప్పలేదు.

మాది నాచారం, ఇండస్ట్రియల్ ఏరియాకు దగ్గర్లో ఒక గల్లీ. కారు పాత ఆల్టో. రెండో గేరు వేసినప్పుడల్లా గరగరమంటుంటే, ఆ ఆయిల్ మార్చి ఏళ్లు గడిచాయని గుర్తొచ్చింది. ఇంజన్ ఆయిల్‌ని ఎవరూ మర్చిపోరు. గేర్‌బాక్సులోది మాత్రం మర్చిపోతారు. దానికి మంట తగలదు, మసి కలవదు, త్వరగా పాడవదు. కానీ గేర్ల పళ్లు ఒరుసుకుని రాలిన లోహపు రజను అందులోనే తిరుగుతూ మళ్లీ ఆ పళ్లనే అరగదీస్తుంది.

కొనేముందు చాలా చదివాను. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర స్పేర్ పార్ట్స్ దుకాణంలో రెండు డబ్బాలు ముందు పెట్టారు, ఒకటి జీఎల్-4, రెండోది జీఎల్-5. ఐదు నాలుగు కన్నా పెద్దది కదా, మంచిదేనేమో అనిపిస్తుంది ఎవరికైనా. ఆయిల్ పొర తెగిపోయేంత ఒత్తిడిలో గేరు పళ్లను కాపాడటానికి ఈ ఆయిళ్లలో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. జీఎల్-5లో అవి దాదాపు రెట్టింపు. జీపులు, లారీల వెనక యాక్సిల్‌కి అది కావాలి. గేర్లు కలిసేటప్పుడు వేగం సర్దే ఇత్తడి రింగులున్న గేర్‌బాక్సులో పోస్తే, వేడెక్కినప్పుడు ఆ గంధకం ఇత్తడిని తినేయగలదు. డబ్బా మీది 90 చూసి, ఇంజన్ ఆయిల్ 40కి ఇది రెండింతల చిక్కన అనుకునేవాళ్లూ ఉన్నారు. గేర్ ఆయిళ్ల కొలమానమే వేరు. ఆ 90 చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50లకు దగ్గరగానే ఉంటుంది. కారుతో వచ్చిన పుస్తకం చూసుకుని 75డబ్ల్యూ-90 జీఎల్-4 తెచ్చుకున్నాను.

పని కూడా జాగ్రత్తగానే చేశాను. ముందు పక్కనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకున్నాను. ఈ వరస తప్పితే ఆయిలంతా కారిపోయి, కొత్తది పోసే దారి లేక బండి గల్లీలోనే కూలబడుతుంది. కొత్త ఆయిల్ పోసేముందు కారును జాకీ మీంచి దించి చదునుగా నిలబెట్టాను. ముందు భాగం ఎత్తి ఉండగా ఫిల్లర్ బోల్టు అంచు దాకా పోస్తే ఆ మట్టం అబద్ధం చెబుతుంది. ఒక్క విషయంలో మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకునేవాణ్ణి. కారుతో వచ్చిన జాకీ మీద, పక్కన స్టెప్నీ చక్రం పడేసి, కిందికి దూరాను. ఆ జాకీ చక్రం మార్చడానికే. దాని మీదున్న కారు కింద మనిషి ఉండకూడదు. స్టాండ్లు లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు.

కొత్త ఆయిల్ గురించి ఇంత తెలుసుకున్నానా, పాతది బయటికొచ్చాక ఏం చెయ్యాలన్న ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. బట్టలు నానబెట్టే టబ్బులో రెండు లీటర్ల దాకా నల్లటి ఆయిల్, కుళ్లిన ఉల్లిపాయ వాసన. మబ్బు పట్టింది. టబ్బు కడిగి లోపల పెట్టేయాలన్న తొందర. గల్లీ చివర మోరీ జాలీ మీద వంపేశాను. అటూ ఇటూ చూసి వంపానంటే, తప్పని నాకు ఎక్కడో తెలుసన్నమాటే. మీద బకెట్టెడు సబ్బు నీళ్లు పోసి శుభ్రం చేశాననుకున్నాను. సబ్బు నూనెను మాయం చెయ్యదు, చిన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లతోపాటు ఇంకా దూరం పంపుతుంది.

సాయంత్రం వాన దంచికొట్టింది. మోరీ ఎప్పటిలాగే ఎగదన్నింది. నీళ్లు పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చాయి, మీద రంగురంగుల తెట్టు. ఆమె చీపురుతో నీళ్లు నెడుతూ "ఎవలో కారోళ్లు ఏందో పోసిన్రు బిడ్డా, వాసనకు తల తిరుగుతున్నది" అంది. ఆ కారోణ్ణి నేనేనని చెప్పలేకపోయాను. ఆమె చేతిలో చీపురు తీసుకుని నేను ఊడ్చాను. సామిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి చల్లాను. ఆమె నాకు దండిగా దీవెనలు పెట్టింది. అవి తీసుకుని ఇంటికి రావడం, మోరీలో పోయడం కన్నా ఎక్కువ బాధపెట్టింది. మర్నాడు వెళ్లి పోసింది నేనేనని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "మల్ల పొయ్యకు" అంది, అంతే. ఆయిల్ పీల్చిన పొట్టు సంచిలో కట్టి చెత్త ఆటోలో వేశాను. అదీ సరైన చోటు కాదని తెలిసే వేశాను.

ఇన్నేళ్లుగా ఈ ప్రాంతంలో ఉంటూ, రాత్రుళ్లు వచ్చే ఘాటు వాసనల గురించి, చెరువు రంగు గురించి ఫ్యాక్టరీలను తిట్టని రోజు లేదు. ఆ తిట్టులో న్యాయం ఉంది. కానీ వాడిన ఆయిల్‌ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టిన 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ లెక్క చూపాలి, అనుమతి ఉన్నవాళ్లకే అప్పజెప్పాలి. నా టబ్బుకు లెక్క అడిగేవాళ్లు లేరు. మోరీలోంచి నాలాకి, నాలాలోంచి మూసీకి పోయే దారి మాత్రం ఇద్దరికీ ఒకటే. నీళ్ల మీద పరుచుకున్న నూనె పొర గాలిని కిందికి దిగనివ్వదు. అడుగున చేరిన లోహపు రజను అక్కడే ఉండిపోతుంది.

ఇంకా బాధ కలిగించే సంగతి, దాన్ని పారబోయాల్సిన అవసరమే లేదు. వాడిన ఆయిల్‌లోంచి నీళ్లు, మడ్డి, పాత రసాయనాలు తీసేసి మళ్లీ శుద్ధి చేస్తే కొత్త ఆయిల్‌కి మూలమైన బేస్ ఆయిల్ తిరిగొస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసేవాళ్లూ, దిగుమతి చేసేవాళ్లూ ఏటా ఇంత భాగం శుద్ధి అయ్యేలా చూడాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. ఆ గొలుసు మెకానిక్ షెడ్డులోని డ్రమ్ము దాకా వస్తుంది. నా గల్లీ దాకా రాదు.

ఇప్పుడు ఆయిల్ మార్చినప్పుడు, కొత్తది ఖాళీ అయిన డబ్బాల్లోనే పాతది నింపి మల్లాపూర్ వైపున్న ఒక షెడ్డుకు తీసుకెళ్తున్నాను. "నీళ్లు గానీ కూలెంట్ గానీ కలిపి తేకుండ్రి సార్, అది ఎవరూ తీస్కోరు" అని మెకానిక్ ముందే చెప్పాడు. డ్రమ్ము నిండాక ఎవరు పట్టుకెళ్తారు, వాళ్లకు అనుమతి ఉందా అని అడిగాను. కనుక్కుని చెప్తానన్నాడు. ఉప్పల్‌లో ఆయిల్ కొన్న దుకాణాయనను కూడా, అమ్మే చోటే పాతది తీసుకునే డ్రమ్ము పెట్టమని అడిగాను. జాగా లేదన్నాడు. వెళ్లినప్పుడల్లా అడుగుతున్నాను.