బ్యాట్ ఎందుకు పారేసిండు?

పైలోకాల వాళ్లు కిందికి దిగిరావడం తెలుగువాళ్లకు కొత్త కాదు. కాకపోతే ఊరికే రారు, ఏదో ఒకటి పోగొట్టుకుని వస్తారు. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుంది. ‘యమలీల’లో యమధర్మరాజు ఏకంగా భవిష్యవాణి పుస్తకమే పోగొట్టుకుని, చిత్రగుప్తుణ్ని వెంటేసుకుని దిగాడు. స్వర్గంలోనూ నరకంలోనూ సామాన్లు చూసుకునే దిక్కు లేనట్టుంది.

‘యమలీల’ వచ్చింది 1994లో. అదే ఏడాది అమెరికాలో డిస్నీ వాళ్లు ‘ఏంజెల్స్ ఇన్ ది అవుట్‌ఫీల్డ్’ అని ఒక బేస్‌బాల్ సినిమా వదిలారు. అందులో దేవదూతలు ఏమీ పోగొట్టుకోరు. పిల్లవాడు మొక్కుకోగానే రెక్కలేసుకుని మైదానంలో వాలిపోతారు. సెలవులకు అమెరికా నుంచి వచ్చిన మా అక్క కొడుకు ఈ సినిమాని శాలిబండలో మా ఇంటి టీవీలో పెట్టాడు. చూసినవాళ్లం అమ్మ, నేను, లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం నడిపే పక్కింటి భాయ్.

రోజర్ అనే పిల్లవాడికి తల్లి లేదు. తండ్రి వాణ్ని పరాయి పంచన వదిలి పోతున్నాడు. మళ్లీ ఎప్పుడు కలిసుంటాం అని వాడడిగితే, ఏంజెల్స్ జట్టు లీగ్ గెలిచినప్పుడు అంటాడు. ఆ జట్టేమో అట్టడుగున ఉంది.

“ఇగ రాడు వాడు” అని అమ్మ అక్కడికక్కడే తీర్పిచ్చేసింది.

పిల్లవాడు మాత్రం ఆ మాట పట్టుకుని దేవుడికి దండం పెట్టాడు. దూతలు దిగారు. ఫీల్డర్‌ను రెండు చంకల కిందా పట్టి గాల్లోకి లేపి క్యాచ్ పట్టించారు. (ఆ ఎగిరిన కుర్రాడు మాథ్యూ మెకానహే. అప్పటికింకా ఆస్కార్ గీస్కార్ ఏమీ లేవు పాపం.) అమ్మ కనురెప్ప కూడా ఆర్పలేదు. “మంచిగ పట్టిన్రు” అంది. భాయ్ కూడా తలూపి చాయ్ అందుకున్నాడు. తర్వాత వచ్చినవాడు బంతిని బలంగా బాదాడు. బ్యాట్ కింద పడేసి పరుగు తీశాడు.

“ఆపు, ఆపు!” అంది అమ్మ. “బ్యాట్ ఎందుకు పారేసిండు?”

“బేస్‌బాల్‌లో అంతే అమ్మమ్మా.”

“ఎవరన్న ఎత్కపోతే?”

గల్లీ మొత్తానికి ఒకటే బ్యాటు, ఆ బ్యాటు ఎవరిదైతే వాడిదే మొదటి బ్యాటింగు అనే రాజ్యాంగం కింద పెరిగిన ఇల్లు మాది. రెక్కల మనిషిని నమ్మడానికి మాకు రెప్పపాటు చాలు. నేలమీద దిక్కులేకుండా పడున్న బ్యాటును మాత్రం నమ్మలేం. పైగా వికెట్లు లేవు. పరుగెత్తేవాడు ఎదురుగా కాకుండా పక్కకి పోతున్నాడు.

అప్పుడు మా అక్క కొడుకు, పుట్టింది డల్లాస్‌లో అయినా తెలివి మాత్రం మన పాతబస్తీదే, చార్‌కమాన్ పట్టుకున్నాడు. “అమ్మమ్మా, గుల్జార్ హౌజ్ దగ్గర బాల్ వేసేవాడు. చార్మినార్ కమాన్ కింద బ్యాట్ పట్టుకుని నువ్వు.”

“నేనా?”

“నువ్వే. కొట్టగానే కుడిచేతి వైపు కాలీ కమాన్‌కి పరిగెత్తాలి. అక్కణ్నుంచి మచ్లీ కమాన్, తర్వాత షేర్-ఎ-బాతిల్ కమాన్, మళ్లీ చార్మినార్ కమాన్. చుట్టి వస్తే ఒక రన్.”

ఆలోచిస్తే అచ్చంగా సరిపోయింది. 1592లో ఆ నాలుగు కమాన్లూ కట్టినవాళ్లు నడిమధ్య హౌజ్‌తో సహా బేస్‌బాల్ మైదానం గీసి, ఆట పుట్టేదాకా ఓపిక పట్టలేక బజారుకిచ్చేసినట్టున్నారు. భాయ్‌కి మాత్రం సందేహాలు మిగిలాయి. “బేస్‌కీ బేస్‌కీ దూరమెంత బేటా?”

“90 అడుగులు.”

“రంజాన్ రాత్రి 90 అడుగులు పోవాలంటే సహర్ టైమైతది. రన్ అవుట్ ఎవర్ని చేస్తరు, తోపుడుబండినా?”

మావాడు ఓటమి ఒప్పుకోలేదు. 1989 నాటి ‘ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్’ సంగతి ఎత్తాడు. అయోవాలో ఒక రైతుకు ఏదో గొంతు వినిపిస్తుంది, పంట తీసేసి మైదానం కడతాడు, ఎప్పుడో చనిపోయిన ఆటగాళ్లు అందులోకి నడుచుకుంటూ వస్తారు. అమ్మకు చనిపోయినవాళ్లు రావడంలో ఏ ఇబ్బందీ కనిపించలేదు. “ఏం పంట?” అంది. మొక్కజొన్న అన్నాడు. “కంకులు తెంపుకున్నంకనా, ముందా?” ఆ రైతు మీద ఆమెకు ఇప్పటికీ కోపమే.

మనవాళ్లు ఇంకో అడుగు ముందుకే వేశారు లెండి. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ కోసం గుణశేఖర్ ఊరి బయట చార్మినారే కట్టించేశాడు. కబడ్డీ ఆటగాడి ఇల్లు పాతబస్తీలో ఉండాలి, పాతబస్తీలో షూటింగ్‌కి చోటివ్వడానికి జనం పక్కకి జరగాలి. మొదటిది కథలో రాసుకోవచ్చు. రెండోది ఏ దూతా చేయించలేదు.

తిరిగి సినిమా పెట్టాం. చివరి ఆట దగ్గరికొచ్చేసరికి దూతల పెద్ద చేతులెత్తేశాడు. ఫైనల్ ఎవరి సత్తాతో వాళ్లే గెలవాలట.

“బోనాల నాడు పోతరాజు సెలవు పెట్టినట్టు!” అంది అమ్మ. “మొక్కు తీస్కున్నంక గిదేం మాట?”

కానీ ఆ పెద్దాయన ఇంకో ముక్క చెప్పాడు. బంతి వేసే మెల్ క్లార్క్‌కి ఏళ్ల తరబడి తాగిన సిగరెట్ల పుణ్యమా అని ఇక ఆరు నెలలే మిగిలాయి, త్వరలో తనూ దూతల్లో కలుస్తాడు. అది విన్నాక అమ్మ ముఖం తేటపడింది. “అట్ల చెప్పు. చిట్టా చూస్కునే వచ్చిండు. ఊకెనే ఎవరొస్తరు!”

జట్టు గెలిచింది. కోపిష్ఠి మేనేజర్ రోజర్‌నీ వాడి నేస్తాన్నీ పెంచుకుంటానన్నాడు. అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నిజం ఏంజెల్స్ జట్టు 2002లో తొలిసారి లీగ్ గెలిచి వరల్డ్ సిరీస్ కూడా కొట్టుకుందని మావాడు చెబితే, “8 ఏండ్లకు! ఎవరన్న మొక్కు చెల్లించిన్రో లేదో” అని దిగులుపడింది.

భాయ్ ఇంకా ఒక షాట్ దగ్గరే ఉన్నాడు. జనంలో పడ్డ బంతిని ఎవరూ వెనక్కి విసరలేదని ఆయన గమనించాడు. మా గల్లీలో ఇంట్లో పడితే అవుట్, బంతి ఇవ్వకపోతే యుద్ధం.

“ఆ బాల్ ఎవరు తీస్కుంటరు బేటా?”

“ఎవరికి దొరికితే వాళ్లదే చాచా.”

భాయ్ కప్పు కింద పెట్టాడు. సాయంత్రం మొత్తమ్మీద ఆ ఆట మీద ఆయనకు మొదటిసారి మనసు పడింది.

“టికెట్ ఎంత?”