బెల్టే సర్దుకుంటుంది లెండి

టైమింగ్ పుల్లీకి కట్టర్ కొనేముందు క్యాటలాగు మాత్రం తెరవకండి. ఎక్స్‌ఎల్, ఎల్, హెచ్, టి5, 5ఎం అంటూ బుర్ర తినేస్తుంది. పాత పుల్లీ మీద స్టీలు స్కేలు పెట్టండి. పన్నుకీ పన్నుకీ అయిదు మిల్లీమీటర్లు వచ్చిందా? ఇక అయిదు కట్టర్ ఏది దొరికితే అది తెచ్చుకోండి. ఎక్స్‌ఎల్ పిచ్ 5.08, టి5ది నికరంగా 5 అని ఎవరో ఒకరు పుల్ల వేస్తారు. సగం చుట్టులో 18 పళ్లు పట్టుకుంటే తేడా 1.44కి పోతుందని లెక్క కూడా కడతారు. కట్టనివ్వండి. 5ఎం పిచ్ కూడా అయిదే. కాకపోతే దాని పన్ను గుండ్రం, టి5 పన్ను ఏటవాలు గోడలది. కొత్త చెప్పు కరిచినా నాలుగు రోజులకి అలవాటవదూ!

బాలానగర్ షెడ్లలో అడిగితే మూల పడున్న ఒకటిన్నర మాడ్యూల్ గేర్ కట్టరూ దొరుకుతుంది. పిచ్ 4.71. చేతిలో ఉన్నదే మంచి కట్టర్.

బ్లాంకు సైజు దగ్గర మాత్రం గట్టిగా నిలబడాలి. 40 పళ్ల 5ఎం పుల్లీ అనుకుందాం. 40ని 5తో హెచ్చవేసి పై (π) విలువతో భాగిస్తే 63.66. లేత్ మీద అంతకే తిప్పి పక్కన పెట్టండి. పట్టికలో 62.52 అని ఉంటుంది, అచ్చుతప్పు అనుకోండి. బెల్టు కడుపులో ఉండే గాజునూలు దగ్గర పిచ్ కొలవాలట. గేరు పిచ్ గీత లోహంలోనే ఉంటే, దీనిది పుల్లీ అంచు దాటి 0.57 బయట గాలిలో ఉంటుందట! కంటికి కనబడని గీత కోసం మంచి అల్యూమినియాన్ని రజను చేసుకుంటామా? మీ పుల్లీ మీద బెల్టు పన్ను 5.09కి ఒకటి కూర్చోవాలి, బెల్టేమో 5 దగ్గరే ఉంటుంది. మొదటిది దిగుతుంది, రెండోదీ దిగుతుంది, ఏడెనిమిది దాటాక గాడి అంచెక్కి తొంగిచూస్తుంది. గాజునూలు సాగదు, ఒప్పుకుంటాను. రబ్బరు ఉంది కదా, అదే సర్దుకుంటుంది.

కట్టర్ మీద ఇన్ని పళ్ల నుంచి ఇన్ని పళ్ల దాకా అని గుద్ది ఉంటుంది. పళ్ల సంఖ్యని బట్టి గాడి ఆకారం మారుతుందనేది కట్టర్లు అమ్ముకునేవాళ్ల ఎత్తు. ఒకటి కొని 12కీ 60కీ అదే తిప్పండి. మొండిబారితే బెంచ్ గ్రైండర్ మీద పన్ను నెత్తిన రుద్దండి. ముఖం వైపు సాన పడితే ఆకారం చెడదన్నది నిజమే గానీ, అది తీరికున్నవాళ్ల పని.

36 పళ్లకి డివైడింగ్ హెడ్ మీద ఒక చుట్టు, పైన 18 రంధ్రాల వరసలో 2 రంధ్రాలు. పిన్ను దిగి ఉన్న రంధ్రాన్నీ కలిపి లెక్కపెట్టండి, చెయ్యి త్వరగా సాగుతుంది. ఆఖర్న దాదాపు రెండు పళ్ల జాగా ఖాళీగా మిగులుతుంది. అక్కడ మీ షెడ్డు పేరు గుద్దుకోవచ్చు.

నెల తిరక్కుండానే కస్టమరు పళ్లు రాలిన బెల్టు పట్టుకుని వస్తాడు. కంగారు పడకండి. బెల్టుని వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "డూప్లికేటు సార్ ఇది, ఎక్కడ కొన్నారు?" అనండి. అసలు సరుకు మీ దగ్గరే ఉందన్న సంగతి టీ తెప్పించాక చెప్పండి.